నోళ్ళు చూసే ఉద్యోగం

ఒంట్లో రక్తం తక్కువైన మనిషిని గుర్తుపట్టాలంటే కంటి కింది రెప్ప లాగి చూడాలి, నాలుక చూడాలి, గోళ్ళు చూడాలి అని మాకు ట్రైనింగులో చెప్పారు. బాపట్ల అవతల ఇసుక నేలలో ఉన్న ఆ జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరిన మొదటిరోజే అవన్నీ కలిసి నన్ను మోసం చేశాయి. గింజలు కొట్టే షెడ్డులో ఆడవాళ్ళ కళ్ళు గింజలు కాల్చే పొగకి ఎర్రబడి ఉన్నాయి. గోళ్ళు జీడినూనెకి కమిలి బొగ్గుముక్కల్లా ఉన్నాయి. ఇక మిగిలింది నాలుక.

"నోరు తెరమ్మా" అన్నాను మొదటావిడతో.

తెరిచింది. తమలపాకూ వక్కా సున్నం కలిసి భేషుగ్గా పండిన నాలుక. వెనకావిడదీ అంతే. ఆ వెనకావిడదీ అంతే. పెళ్ళిపందిట్లో భోజనాలయ్యాక బంతి మొత్తాన్ని నోరు తెరవమన్నట్టుంది. చూసింది చూసినట్టు రాస్తే, ఇంత రక్తపుష్టి ఉన్న ఆడవాళ్ళు గుంటూరు జిల్లా మొత్తంలో లేరని రాయాలి. కానీ వాళ్ళలో సగంమంది లేచి నించోడానికి గోడ పట్టుకుంటున్నారు. పనివేళలో అందరూ ఒక్కసారే తాంబూలం ఎందుకు వేసుకున్నారో నాకు అంతుపట్టలేదు. ఇక్కడ నా పప్పులు ఉడకవని మాత్రం అర్థమైంది.

డెబ్బైల మొదట్లో మాట ఇది. హెల్త్ విజిటర్ కోర్సు పూర్తిచేసి, సర్కారు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, తెనాలిలో మావయ్యగారింట్లో ఉండేదాన్ని. విజిటర్ అన్న పేరుకు తగ్గట్టే ఎక్కడికి వెళ్ళినా చుట్టపుచూపే. అప్పుడే మావయ్యకి తెలిసినాయన ఒకరు, తెనాలి పక్క అంగలకుదురులో పొలాలూ, రెండు ఊళ్ళలో బియ్యం మిల్లులూ ఉన్న పెద్దరైతు, బాపట్లలో ఈ జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టారు. "మా దగ్గర పనిచేసే ఆడవాళ్ళ ఆరోగ్యం చూసుకోడానికి చదువుకున్న అమ్మాయి కావాలి" అని ఆయన అడిగితే, మావయ్య మారు మాట్లాడకుండా నన్ను చూపించాడు. ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గుతుందని కాదు, అమ్మాయికి అనుభవం వస్తుందని. అలా అని అత్తయ్య నాతో చెప్పింది.

ఆదివారం రేపల్లె వెళ్ళి చెబితే అమ్మ ముఖం చిట్లించింది.

"గింజలు కొట్టించుకునేవాడికి వాళ్ళ ఒంటిమీద ధ్యాసేంటే? గాలం వేసేవాడు చేప ఆకలి తీర్చడానికి వేస్తాడా?"

బడిపంతులైన నాన్న పేపరు దించకుండానే, "ఆరోగ్యమే మహాభాగ్యం అన్నారే పెద్దలు" అన్నాడు.

"ఆరోగ్యం వాళ్ళకీ భాగ్యం ఆయనకీ అయితే సరేనండి. రెండూ ఆయనకే అయితేనే గొడవ."

అమ్మ అనుమానాన్ని టిఫిన్ డబ్బాతోపాటు పట్టుకుని రోజూ పొద్దున తెనాలిలో పాసింజరు ఎక్కేదాన్ని.

తాంబూలాల గుట్టు ఆ వారంలోనే తెలిసింది. ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉండేది. సాయంత్రం పని దిగాక ఆడవాళ్ళంతా గేటు దగ్గర వరసగా నిలబడాలి. అక్కడో నల్లటి చప్టారాయి. పక్కన కుండలో నీళ్ళు, చెంబు. ఒక్కొక్కరూ నీళ్ళు పుక్కిలించి ఆ రాయిమీద ఉమ్మాలి. గేటు దగ్గర కూచునే ఆవిడ ఆ ఉమ్మి చూస్తుంది. తెల్లటి పలుకు కనబడిందా, "పప్పు!" అని కేకేస్తుంది. మేస్త్రీ వస్తాడు. ఆ మనిషికి మర్నాడు పని ఉండదు. ఫ్యాక్టరీ పెట్టినప్పటినుంచీ సాగుతున్న పద్ధతట.

అలాంటిచోటికి తెల్లచీర కట్టుకుని వెళ్ళి, పట్టపగలు, పని మధ్యలో, "నోరు తెరమ్మా" అన్నాను నేను!

నాకు ఈ సంగతి చెప్పింది కొట్టే షెడ్డులో అందరికన్నా పెద్దావిడ. పళ్ళు సగం ఊడినా మాట మాత్రం ఊడని మనిషి. "అప్పా" అని పిలిచేవారు అందరూ. మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగింది.

"నర్సమ్మగారూ, ఉమ్మి చూసే ఆవిడకన్నా మీకు జీతం ఎక్కువంటగా?"

"ఉమ్మి చూడటమేంటి అప్పా?"

"అదేనండి. ఆవిడ నేలమీద చూత్తది. మీరు చదువుకున్నోళ్ళు గదా, నోట్లోనే చూసేత్తన్నారు."

చుట్టూ కిసుక్కుమన్నారు. నర్సమ్మ వచ్చి ఒళ్ళు చూస్తుందని ముందే తెలిసి, పప్పు తిన్న జాడ నాలుకమీద కనబడకుండా వేసుకున్నవే ఆ తాంబూలాలన్నీ. ఎవరూ తిన్నవాళ్ళు కాదట. "తినకపోయినా పట్టుకుంటారని భయమండి. చదువుకున్నోళ్ళకి ఏం కనపడుద్దో మాకేం ఎరిక?" అంది అప్ప.

నేను దొంగల్ని పట్టే మనిషిని కానని చెప్పాను. అందరూ మర్యాదగా తలూపారు. మర్నాడు ఇంకాస్త సున్నం ఎక్కువ దట్టించి వచ్చారు.

సరే, నోళ్ళ జోలి మాని చేతుల దగ్గర మొదలుపెడదామనుకున్నాను. జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. వాళ్ళు బూడిద రాసుకుని గింజ పట్టుకుని, రాయిమీద పెట్టి కొయ్యసుత్తితో కొట్టేవారు. ముందు ఆముదం పట్టించి, దానిపైన బూడిద రాసుకుంటే మేలని చెప్పి, ఫ్యాక్టరీ ఖర్చుమీద ఒక డబ్బా ఆముదం తెప్పించాను. ఊరికే వచ్చిన ఆముదం కావడంతో ఎవరూ ముట్టుకోలేదు. జిడ్డు చేత్తో ముట్టుకున్న పప్పుమీద వేలి గుర్తు పడుతుందని, దాన్నిబట్టి దొంగల్ని పట్టమని నాకు చెప్పారని మాట పుట్టింది. బలమైన తిండి బొమ్మల అట్టలు పట్టుకెళ్ళి చూపిస్తే, "ఆ ఎర్రకాయేంటండి?" అన్నారు. ఆపిల్ అన్నాను. "బాపట్లలో ఏ కొట్లో దొరుకుద్దండి?" నాకూ తెలియదు. నేను కూడా దాన్ని ఎక్కువగా అట్టమీదే చూశాను.

ఆ షెడ్డులో నాకు దిగులు పెట్టిన మనిషి ఒకతె ఉండేది. ఈపురుపాలెంలో నేతపని చేసుకునేవాళ్ళ పిల్ల, బాపట్లకి కోడలిగా వచ్చింది. అందరూ ఈపురుపాలెం పిల్ల అనేవారు. మొగుడు బండిమీదనుంచి పడి నడుం విరిగి మంచంలో ఉన్నాడు. ఇల్లు ఈమె చేతులమీదే నడుస్తోంది. ఎప్పుడూ షెడ్డు చివరి రాయి దగ్గరే కూర్చునేది. పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడేలా ఉండేవి. గింజల బుట్ట ఎత్తుకుని నాలుగడుగులు వేస్తే ఆయాసం. చీర వదులుగా, ఎత్తుగా చుట్టుకునేది. నేను దగ్గరికి వెళ్తే బుట్టని ఒళ్ళోకి లాక్కునేది. అనుమానం నాకూ వచ్చింది. అడిగితే మాత్రం, "వాతపొళ్ళండి" అంది.

ఈ వాతం కొన్ని నెలలకి ఏడుస్తుందని నాకు తెలుస్తూనే ఉంది. ఆ పాలిపోయిన మనిషి మందూ మాకూ లేకుండా కాన్పుకి వెళితే తిరిగి రావడం కష్టమని కూడా తెలుస్తోంది. అయినా ఆమె ఒప్పుకోదు. ఎందుకంటే అక్కడ రాయి అంటే పని. మేస్త్రీ పొద్దునే వచ్చి చప్పుడవుతున్న రాళ్ళని చూసుకుని హాజరు వేసుకునేవాడు. పొగకి అందరూ ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని, కళ్ళు మాత్రమే కనబడేలా కూచునేవారు కాబట్టి మొహాలతో ఆయనకి పనిలేదు. రాయి ఖాళీగా ఉందంటే మాత్రం బయట గేటు దగ్గర ఎదురుచూసే వాళ్ళలో ఒకర్ని పిలిచి కూచోబెట్టేవాడు. కడుపుతో ఉందని తెలిస్తే ఇక చెప్పేదేముంది? "ఇంటికాడ రెస్టు తీసుకో తల్లీ" అని ప్రేమగా పంపించేసేవాడు. ఆ ప్రేమకి తిరుగు టపా ఉండదు.

ఒక సాయంత్రం యజమాని నన్ను తన గదికి పిలిపించారు. కాఫీ తెప్పించారు. ప్లేటులో నేతిలో వేయించి ఉప్పూకారం చల్లిన గుండు జీడిపప్పు. బయట కొట్టేవాళ్ళ నోటికి అందనిది లోపల నా నోటికి ఊరికే అందుతోంటే మొదట సిగ్గేసింది. తర్వాత రుచేసింది.

"అమ్మాయ్, తప్పుగా అనుకోకు. కాన్పుకి వెళ్ళినవాళ్ళకి జీతం ఇచ్చి కూచోబెట్టాలని రూళ్ళు వచ్చాయి. ఇన్‌స్పెక్టరు వస్తే అదే అడుగుతున్నాడు. నువ్వు ఎలాగూ అందర్నీ చూస్తుంటావు కదా. ఎవరు నీళ్ళోసుకున్నారో ముందే నా చెవిన వేస్తే, నేను చూసుకుంటా."

"చూసుకోవడం అంటే బాబాయిగారూ?"

"అదే. ముందే పంపించేస్తే, వాళ్ళకీ రెస్టు, మనకీ రెస్టు."

ఆయన నవ్వు మొహంలో ఏ దుర్మార్గమూ కనబడలేదు. అమ్మ చెప్పిన గాలం మాత్రం కనబడింది. దాని కొసన మెరుస్తున్న ఎర నేనే.

"అందరికీ రక్తం తక్కువేనండి" అన్నాను.

"నేను కడుపుల సంగతి అడుగుతుంటే రక్తం సంగతి చెప్తావేంటమ్మా? నెమ్మదిగా చూసి చెప్పు."

గది బయటికి వచ్చేసరికి గేటు దగ్గర వరస కట్టి ఉన్నారు. నేను మామూలుగా పక్కనున్న చిన్న తలుపులోంచి వెళ్ళిపోయేదాన్ని. అప్ప చూసింది.

"నర్సమ్మగారూ, అందరి నోళ్ళూ మీరు చూత్తారు. మీ నోరు ఎవురు చూత్తారండి?"

మామూలు రోజైతే నవ్వి ఊరుకునేదాన్ని. ఆ రోజు ఆ చిన్న తలుపులోంచి వెళ్ళబుద్ధి కాలేదు. వెళ్ళి అప్ప వెనకాల నించున్నాను. నా వంతు వచ్చింది. గేటావిడ, "మీకెందుకండి, ఎళ్ళండి ఎళ్ళండి" అంటూనే ఉంది. చెంబు అందుకుని, పుక్కిలించి, నల్లరాయిమీద ఉమ్మాను.

తెల్లగా పడ్డాయి. పలుకులు.

నేతిలో వేయించినవి కాబట్టి నిగనిగలాడుతూ మరీ పడ్డాయి. ఎవరైనా పొరపాటు చేస్తే పప్పులో కాలేశారంటారు. నేను నోరే వేశాను. గేటావిడ రాయివంకా నావంకా చూసింది. కేకెయ్యాలి, అది ఆవిడ ఉద్యోగం. నామీద వెయ్యొచ్చో లేదో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చివరికి గుళ్ళో మంత్రం చెప్పినంత మెల్లగా "పప్పు..." అంది.

ఎవరో పకాలున నవ్వారు, ఇక ఆగలేదు. పొగకీ దగ్గుకీ అలవాటైన గొంతులు కదా, నవ్వూ దగ్గూ కలిసి ఒకటే హోరు. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, దొరికిన దొంగని చూసి, వచ్చినంత వేగంగానే వెనక్కి వెళ్ళిపోయాడు.

నవ్వని మనిషి అప్ప ఒక్కతే. స్టేషను దారిలో నా పక్కనే నడిచింది. వెనకాల ఇంకొంతమంది.

"ఎక్కడ తిన్నారండి?"

"ఆయన గదిలో."

"ఆయనే పెట్టాడా?"

"ఆయనే పెట్టాడు."

"ఊరికే పప్పు పెట్టే మనిషి కాదే. దేనికి పెట్టాడమ్మా?"

ఇసుకలో చెప్పులు ఈడ్చుకుంటూ కొంతదూరం నడిచాను. దాచితే నేను ఆయన మనిషిని. చెబితే నా ఉద్యోగం వీళ్ళ నోళ్ళలో పడుతుంది. చెప్పాను.

"కడుపుతో ఎవరున్నారో చెప్పమన్నాడు."

ఈపురుపాలెం పిల్ల మా వెనకే నడుస్తోంది. ఒక్కరు కూడా వెనక్కి తిరిగి ఆమెవైపు చూడలేదు. అంతమంది అంత గట్టిగా చూడకుండా ఉండటంతో, నాకున్న అనుమానం కాస్తా తీరిపోయింది.

"మరి మీరేం చెప్పారు?" అంది అప్ప.

"అందరికీ రక్తం తక్కువని చెప్పాను."

"నిజవేనా?"

"మీ నాలుకలు చూడనిస్తే కదా తెలిసేది!"

మర్నాడు అప్ప తాంబూలం వేసుకోకుండా వచ్చి నా ముందు నోరు తెరిచింది. ఆవిడ వెనక మరికొందరు. పండిన నాలుకల వెనకున్న అసలు నాలుకలు అప్పుడు చూశాను. చాకిరేవులో వెలిసిపోయిన గుడ్డముక్కల్లా ఉన్నాయి. ఈపురుపాలెం పిల్లది అన్నిటికన్నా తెల్లగా ఉంది.

సర్కారు ఆసుపత్రికి వెళ్ళి ఐరన్ మాత్రలు తెచ్చాను. ఆ రోజుల్లో మాత్ర అంటేనే భయం. ఊళ్ళో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి రకరకాల మాటలు తిరుగుతున్నాయి. ఈపురుపాలెం పిల్ల మాత్రని వేళ్ళమధ్య అటూఇటూ తిప్పి చూసింది.

"ఇది కడుపు తీసేదాండి, రాకండా చేసేదా?"

"రెండూ కాదు. రక్తం పట్టేది. విరేచనం నల్లగా అవుతుంది, భయపడకు."

"అయితే మీరొకటి మింగండి."

మింగాను. వాళ్ళు కొన్నాళ్ళు నన్ను కనిపెట్టి చూశారు. నాకేం కాలేదు. దాంతో సమస్య తీరుతుందనుకున్నాను. కానీ షెడ్డులో చర్చ జరిగి తీర్మానం వచ్చింది: "పెళ్ళికాని పిల్ల మింగితే ఏం తెలుద్దండి? కడుపుంటే గదా పోయేది!" న్యాయమే. అప్ప తానూ ఒకటి మింగింది. ఆమె వయసు కారణంగా ఆ సాక్ష్యమూ చెల్లలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం బుట్ట ఎత్తబోయి కళ్ళు తిరిగి కూలబడ్డాక, ఈపురుపాలెం పిల్ల తనే చెయ్యి చాపింది. మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, చెంగుతో మూతి తుడుచుకుంది. మింగిందో బుగ్గన పెట్టుకుందో నాకు తెలియదు. నోరు తెరిపించి చూడొచ్చు. చూడలేదు. ఆ పనికి గేటు దగ్గర ఒకావిడ ఉంది. రోజూ ఇచ్చాను, రోజూ వేసుకుంది, రోజూ అనుమానంగా నావంక చూసింది. మునగాకు తినమన్నాను, అది మాత్రం తింటున్నానంది. దొడ్లోదే కాబట్టి దానిమీద ఎవరికీ అనుమానం లేదు. ఆముదం డబ్బా కూడా ఆ నెలలోనే నెమ్మదిగా ఖాళీ అయింది.

యజమాని మళ్ళీ పిలిచారు. ఈసారి కాఫీ మాత్రమే వచ్చింది.

"ఎవరన్నా తేలారా అమ్మా?"

"అందరూ వదులుగానే కట్టుకుంటున్నారండి చీరలు. ఎండలు కదా."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. అబద్ధం చెప్పేవాళ్ళని మిల్లుల్లో రోజూ చూసే మనిషి. కాఫీ చల్లారుతోందని మాత్రం అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక పొద్దున షెడ్డులోకి వెళ్ళేసరికి, చివరి రాయిమీద సుత్తి చప్పుడు వేరుగా వినిపించింది. తాళం తప్పుతోంది. దగ్గరికి వెళ్ళాను. మొహానికి అదే పాతగుడ్డ, తలకి అదే ముసుగు. చేతులు మాత్రం వేరు. కొత్తగా పొక్కులెక్కుతున్న వేళ్ళు. శుభ్రమైన గోళ్ళు. ఆ షెడ్డులో నేను చూసిన మొట్టమొదటి గోళ్ళు అవి.

వంగి చూస్తుంటే చుట్టూ సుత్తులన్నీ నెమ్మదించాయి. అప్ప నావంక చూడకుండానే మెల్లగా అంది: "తోడికోడలండి. రాయి కాళీ కాకండా."

"ఆమె ఎలా ఉంది?"

"ఎవురండి?"

సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చాడు. "ఏంటండి నర్సమ్మగారూ, ఆ రాయికాడ ఏంటి సంగతి?"

సుత్తులు పూర్తిగా ఆగాయి. అంతమంది కళ్ళు గుడ్డల పైనుంచి నామీదే. నెలల తరబడి నేను వాళ్ళ కళ్ళు చూశాను, ఆ పూట వాళ్ళు నావి చూశారు.

"చేతులు పొక్కాయండి. జీడి పాతవాళ్ళనీ వదలదు కదా. ఆముదం రాస్తున్నాను" అన్నాను.

ఆయన తల గోక్కుని పక్క షెడ్డుకి పోయాడు. ఇన్నాళ్ళూ చేతులు కడుక్కోండి, గోళ్ళు శుభ్రంగా ఉంచుకోండి అని ఉపన్యాసాలిచ్చిన నోటితోనే, "ఆ గోళ్ళకి కాస్త మసి పుయ్యండి అప్పా, కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి" అన్నాను. ఇంత చప్పున అమలైన ఆరోగ్య సలహా నా ఉద్యోగంలో మరొకటి లేదు. గేటు దగ్గర ఏమవుతుందోనని భయపడ్డాను కానీ, గేటావిడ చూసేది ఉమ్మినే. నామీద కేకేసిన రోజునుంచీ ఆవిడకి మొహాలు అసలే ఆనడం లేదట, అప్ప చెప్పింది.

కాన్పు అయిందో లేదో, మనిషి బతికుందో లేదో నాకెవరూ చెప్పలేదు. అడిగితే, "బాగానే ఉందిగా, అదిగో కొడతంది" అని చివరి రాయివైపు చూపించేవారు. పాసింజర్లో కిటికీ పక్కన కూచుని అదే ఆలోచన. ఇల్లెక్కడో కనుక్కుని వెళ్దామంటే, నేను వెళ్ళిన ఇంటిని చూసి మేస్త్రీకి తెలుస్తుందేమోనని భయం. రూలు ప్రకారం జీతంతో ఇంట్లో కూచోవలసిన మనిషి, తోడికోడలి వేళ్ళు కాల్చి తన రాయి నిలబెట్టుకుంటోంది. రూళ్ళ పుస్తకం ఆయన బల్లమీద పదిలంగానే ఉంది.

మామిడిపళ్ళు వచ్చే రోజుల్లో అనుకుంటా, ఒక పొద్దున చివరి రాయి దగ్గర తాళం సరిగ్గా పడుతోంది. దెబ్బకి ఒక గింజ, గింజకి ఒక గుండు, బద్ద కాకుండా. పరుగులాంటి నడకతో వెళ్ళి పక్కన చతికిలబడ్డాను. నల్లటి గోళ్ళు. వాపు తీసిన పాదాలు. గుడ్డ పైన నాకు తెలిసిన కళ్ళు, లోతుకి పోయి ఉన్నాయి కానీ కళ్ళే. జాకెట్టుమీద పాలతడి కనబడకుండా కొంగు అడ్డంగా లాక్కుంది.

"ఎవరు పుట్టారు?" అన్నాను గుసగుసగా.

సుత్తి ఆపలేదు. "ఎవురికండి?"

"నీకే. ఆడపిల్లా, మగపిల్లాడా?"

"నాకు పుట్టడవేంటండి? నేనెక్కడికెళ్ళానండి, రోజూ ఇక్కడే ఉన్నాగా!"

షెడ్డంతా ముసిముసిగా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఎవరూ వినకుండా ఇంకోసారి బతిమాలాను, నాకొక్కదానికైనా చెప్పమని. ఆమె అప్పుడు సుత్తి ఆపి, ఇబ్బందిగా, కాస్త జాలిగా నావంక చూసింది.

"మీరు మంచోళ్ళేనండి. కానీ మీకు జీతవిచ్చేది ఆయనే గదండి."

మళ్ళీ గింజ రాయిమీద పెట్టుకుంది. సర్కారు ఉద్యోగం వచ్చి నేను అక్కడినుంచి వెళ్ళిపోయేదాకా మాత్రలు వేసుకుంది, చేతులకి ఆముదం రాసుకుంది, నన్ను చూస్తే నవ్వేది కూడా. ఆడపిల్లో మగపిల్లాడో మాత్రం చెప్పనేలేదు.